టైపిస్టు లేని పూట

శిక్షణకు రమ్మని ఉత్తర్వు చేతికొచ్చిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. అసలే ముక్కుమీద కోపం మనిషినని మా ఇంట్లో పేరు. ఏళ్ళ తరబడి తీర్పులు చెబుతున్నదాన్ని, ఇద్దరు పిల్లల్ని కని పెంచినదాన్ని పిలిచి, కోర్టుకొచ్చే పిల్లలతో ఎలా మాట్లాడాలో నేర్పిస్తారట. తాతకు దగ్గులు నేర్పడం అంటే ఇదేనని మా అటెండరుతో అన్నాను. ఆయన చార్మినార్ పక్క సందులో పుట్టి పెరిగిన పెద్దాయన, నాకంటే ఎక్కువమంది జడ్జిల కోపాలు చూసినవాడు. "పోయి రాండ్రి మేడమ్, చాయ్ మస్తుగ ఉంటదంట అక్కడ," అన్నాడు.

నిజానికి నా కోపమంతా శిక్షణ మీద కాదు. ఆ వారమే ఒక పాప నా చాంబరుకు రావలసి ఉంది.

నేను పాతబస్తీలో ఫ్యామిలీ కోర్టు జడ్జిని. పాతబస్తీ నాకు కొత్త కాదు. మా నాన్నగారు గోదావరి వైపు నుంచి గుమస్తా ఉద్యోగానికి వచ్చి ఉప్పుగూడలో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. రైళ్ళ చప్పుడు మధ్యనే నేను ఎక్కాలు బట్టీపట్టాను. ఇంట్లో మా అమ్మ తెలుగు, వీధిలో పిల్లల తెలుగు, కొట్టుకెళితే ఉర్దూ. ఇప్పుడు బెంచి మీద కూర్చుంటే ఆ మూడూ పనికొస్తున్నాయి.

ఆ పాప తండ్రిది గౌలిపుర. తాతల నాటి నుంచి పాల వ్యాపారం, ఇంటి వెనక కొట్టంలో గేదెలు. తల్లిది ఉప్పుగూడ, చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో పని. ఇద్దరికీ పొసగలేదు. విడాకుల దగ్గర పెద్ద గొడవ పడలేదు గానీ పాప దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ పట్టిన పట్టు విడవలేదు. మూడో తరగతి చదివే ఆ పిల్ల అప్పటికి తండ్రి ఇంట్లో ఉంటోంది. ఆదివారం తల్లి వచ్చి తీసుకెళ్ళి సాయంత్రం దించేది. ఇకముందు పాప ఎవరి దగ్గర పెరగాలో నేను తేల్చాలి.

ఇద్దరిలో ఒకడు తాగుబోతయినా, ఒకతె పిల్లను పట్టించుకోనిదయినా నా పని సులువయ్యేది. ఈ ఇద్దరూ మంచివాళ్ళు. పాప పేరెత్తితే చాలు బోనులో నిలబడి ఇద్దరూ ఏడ్చారు. మంచివాళ్ళ మధ్య తీర్పు చెప్పడమంత పాడు పని ఇంకొకటి లేదు.

సాక్ష్యాలన్నీ అయిపోయాయి. పాపతో మాట్లాడటం ఒక్కటే మిగిలింది. దానికి మా దగ్గర పాతుకుపోయిన పద్ధతి ఒకటుంది. పిల్లను చాంబరులోకి పిలుస్తాం. ఓ చాక్లెట్ ఇస్తాం. పేరు, తరగతి అడుగుతాం. ఆ తర్వాత అసలు ప్రశ్న: అమ్మ దగ్గర ఉంటావా, నాన్న దగ్గర ఉంటావా? పిల్ల ఏదో ఒకటి అంటుంది. టైపిస్టు కొడతాడు. తీర్పులో అదొక పేరా అవుతుంది. పాప కోరిక ఇది అని ఒక పేరా పడితే పైకోర్టులో తీర్పు నిలబడుతుందని మాకో ధైర్యం. చట్టం కూడా పిల్ల మనసు తెలుసుకోమనే చెబుతుంది, కాదనను. ఎలా తెలుసుకోవాలో మాత్రం చెప్పదు.

సరే, వాయిదా తర్వాతి వారానికి వేసి శిక్షణకు వెళ్ళాను.

జడ్జిలను బడిపిల్లల్లా కూర్చోబెడితే ఎలా ఉంటారో బయటివాళ్ళకు తెలియదు. అక్కడా సీనియారిటీ ప్రకారమే కూర్చుంటాం. టీ దగ్గర కూడా పైవాడు కప్పు తీసుకునేదాకా కిందివాడు ఫ్లాస్కు ముట్టుకోడు. వెనక వరుసల్లో ఫోన్లు బల్ల కింద వెలుగుతుంటాయి. ఏసీ చల్లదనానికి ఒకరిద్దరు కునుకు తీస్తారు, లేచి మంచి ప్రశ్న కూడా వేస్తారు. నేను మాత్రం నిద్రపోలేదు. పాఠం చెబుతున్నావిడతో వాదానికి దిగాను.

ఆవిడ పిల్లల ఆసుపత్రిలో కౌన్సెలరుగా చేసి రిటైరయినావిడ. నేత చీర, మెడలో కళ్ళద్దాల తాడు. మమ్మల్ని సార్ అనీ మేడమ్ అనీ పిలవదు, మీరు అంటుందంతే. పిల్లను ఆ ప్రశ్న అడగకూడదని ఆవిడ అనగానే నేను లేచాను. అడక్కపోతే పాప మనసు నాకెలా తెలుస్తుంది, చిలక జోస్యం చెప్పించుకోనా అన్నాను. హాలంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. తర్వాత రెండు కుర్చీలు ముందుకు తెప్పించింది. ఒకటి మామూలు కుర్చీ, రెండోది కాంటీన్ నుంచి తెచ్చిన పొట్టి స్టూలు. జడ్జిగా ఒకరు, పిల్లగా ఒకరు కావాలంది. జడ్జి వేషానికి, రిటైర్మెంటు దగ్గర పడ్డ జిల్లా జడ్జి గారు సంతోషంగా వచ్చారు. చాలా సాధువైన మనిషి. పిల్ల వేషానికి ఎవ్వరూ కదల్లేదు. "ఎక్కువ మాట్లాడుతున్నది మీరే కదా, రండి," అంది నన్ను.

చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆ స్టూలు మీద కూర్చున్నాను. నా మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. ఆవిడ వంగి నా చెవిలో చెప్పింది: నీకు ఎనిమిదేళ్ళు, అమ్మా నాన్నా ఇద్దరూ ఇష్టమే, బయట ఇద్దరూ నీకోసం కాచుకుని ఉన్నారు. అంతే.

జడ్జి గారు జేబులోంచి నిజంగానే చాక్లెట్ తీసి ఇచ్చారు. పేరడిగారు. బడిలో ఏ పాఠం ఇష్టమని అడిగారు. తెలుగు అన్నాను. ఆయన వెంటనే కుడిపక్కకు తిరిగి, "బాలిక తనకు తెలుగు పాఠం ఇష్టమని చెప్పినది," అన్నారు.

కుడిపక్కన ఎవరూ లేరు. గోడ ఉంది.

ఇది మా వృత్తిలో ఉన్నవాళ్ళకే పట్టే జబ్బు. కోర్టులో సాక్షి ఒక మాట అనగానే జడ్జి పక్కకు తిరిగి, కింద కూర్చున్న టైపిస్టుకు దాన్ని కోర్టు భాషలో చెప్పాలి. అతను కొట్టాక మళ్ళీ సాక్షి వైపు తిరగాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే. అందరం అలాగే బతుకుతున్నాం గనక హాలు పగలబడి నవ్వింది. ఆయన నాలుక కరుచుకున్నారు. రెండో మాటకు మళ్ళీ తిరిగారు. మళ్ళీ నవ్వులు. మూడోసారి తిరిగినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. తామూ అంతేనని అందరికీ అర్థమై ఉంటుంది.

నాకు అర్థమైంది వేరు. ఆ పొట్టి స్టూలు మీద కూర్చుంటే, నేను నోరు తెరిచిన ప్రతిసారీ ఎదుటి పెద్దమనిషి మొహం పక్కకు తిప్పుకుంటున్నాడు. ఆటే అని తెలిసి కూడా, నేనేదో కూడని మాట అన్నానేమో అనిపించింది.

అప్పుడు అడిగారాయన. "అమ్మ దగ్గర ఉంటావా తల్లీ, నాన్న దగ్గర ఉంటావా?"

ఇద్దరి దగ్గరా అన్నాను. అలా కుదరదమ్మా, ఒకటే చెప్పాలన్నారు, ఎంతో ప్రేమగా. రోజూ వందమంది నోళ్ళు మూయించేదాన్ని, చేతిలో చాక్లెట్ కరిగిపోతుంటే నేల చూశాను. తర్వాత ఒక్కసారిగా అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడి, నేనెందుకు చెప్పాలండీ అని గట్టిగానే అన్నాను. పాపం ఆయన బిత్తరపోయారు.

కౌన్సెలరు నా దగ్గరకు వచ్చింది. "మీకు కోపం వచ్చింది, లేచారు. పిల్లకు కోపం వచ్చినా లేచే వీలు లేదు. ఏదో ఒక పేరు చెప్పేసి, చెప్పని రెండోవాళ్ళ ఎదుట జన్మంతా తలదించుకుని తిరుగుతుంది," అంది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో పిల్లల బుగ్గ గిల్లి మనమంతా సరదాకి అడిగే ప్రశ్నే అదని, ఆ సరదా చాంబరులో చెల్లదని చెప్పింది. నాకు ఇప్పటికీ చెవిలో మోగుతున్న మాట ఆ తర్వాతది.

"ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి జీతం తీసుకుంటున్నది మీరు. పిల్ల కాదు."

నేను నా కుర్చీకి వెళ్ళి ఆ మాట పుస్తకంలో రాసుకున్నాను. అది నా జీవితంలో అరుదు. మిగిలిన రోజులు ఆవిడ చెప్పింది సాదా సంగతులే. పిల్ల రోజు ఎలా గడుస్తుందో అడగండి. రాయకండి, రాయించకండి. తేల్చేది మీరేనని మొదటే చెప్పండి. పిల్ల ఊరుకుంటే మీరూ ఊరుకోండి. ఊరుకోవడం ఒక్కటే నాకు కష్టమని మా ఆయనతో ఫోనులో చెబితే, ఆ శిక్షణ ఏదో పెళ్ళయిన కొత్తలో ఇప్పించి ఉంటే బాగుండేదన్నాడు.

పాప వచ్చే రోజు పొద్దున్నే నా పెద్ద కుర్చీని గోడకు తోయించాను. హాల్లోంచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించాను. ఈ పూట నువ్వు అక్కర్లేదని టైపిస్టుకు చెబితే అతని మొహం వాడిపోయింది. తన వల్ల ఏం తప్పు జరిగిందోనని అటెండరును అడిగాడట. తప్పేం లేదు, మేడమ్ కొత్త చదువు చదివి వచ్చిన్రని ఆయన సర్దిచెప్పాడు.

వరండాలో ఈ చివర తండ్రి, వాళ్ళమ్మ. ఆ చివర తల్లి, వాళ్ళమ్మ. మధ్యలో కొత్త గౌనులో పాప, మోచేతి దాకా గాజులు, తలకు కారేంత నూనె. అటెండరు వేలు పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. నేను పక్క కుర్చీ చూపించాను. ఆ పిల్ల గోడవారనున్న పెద్ద కుర్చీ వైపు చూసి, అది ఎవరిదని అడిగింది. నాదే, ఈ రోజు సెలవిచ్చానని చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాను: నువ్వు ఎక్కడుండాలో తేల్చేది నేను, నువ్వు కాదు, మనం ఊరికే మాట్లాడుకుందాం. తల ఊపింది గానీ నమ్మినట్టు కనిపించలేదు. చేతులు కట్టుకుని పద్యం అప్పజెప్పబోయేటట్టు కూర్చుంది.

నిన్న పొద్దున లేచి ఏం చేశావన్నాను. దుడ్డెను చూడటానికి పోయిందట. కొత్తగా పుట్టిన గేదె దూడ, ఆడది, నుదుట తెల్ల మచ్చ. చేతి వేళ్ళు నోట్లో పెడితే చప్పరిస్తుందట, గిలిగింతలు పెడుతుందట. ఇక నోరు ఆగలేదు. నాయనమ్మ తల దువ్వితే ప్రాణం పోతుంది. బాపు చీకటితోనే బండి మీద పాలు పోయడానికి వెళుతుంటే తను కూడా లేచి వెళుతుంది, క్యాను మూత పట్టుకుంటుంది. గుడి పక్కింటి ముసలమ్మ రోజూ బిస్కెట్ ఇస్తుంది. తర్వాత బడికి పోతే నిద్రొస్తుంది, టీచర్ తిడుతుంది. ఆదివారం అమ్మ గాజుల దుకాణానికి తీసుకుపోతుంది. గల్లా వెనక పీట మీద కూర్చుని పగిలిన గాజులన్నీ డబ్బాలో వేస్తుంది. ఎక్కాలు గాజులతోనే నేర్చుకుంటుంది, డజను డజను చొప్పున. అమ్మమ్మ ఇంట్లో రైలు పోతే మంచం వణుకుతుంది.

మధ్యలో టీచర్ మాట రాగానే నా మెడ దానంతటదే కుడికి తిరిగింది. అక్కడ టైపిస్టు లేడు, క్యాలెండరు ఉంది. పాప కూడా అటు చూసింది. "గాడ ఏముంది మేడమ్?" అంది. ఏం లేదమ్మా, అలవాటు అన్నాను. కుక్క తోక వంకర ఊరికే పోతుందా. కుర్చీనే కొంచెం తిప్పుకుని కూర్చున్నాను.

చెప్పాల్సినవి అయిపోయాయి కాబోలు, పాప ఊరుకుంది. నాలుక కొసన పది ప్రశ్నలున్నా నేనూ ఊరుకున్నాను. బయట ఆటోల హారన్లు వినిపిస్తున్నాయి. ఆ పిల్ల ఒక గాజును మోచేతి నుంచి మణికట్టు దాకా జరిపింది, మళ్ళీ పైకి జరిపింది.

"మీరు అడుగరా మేడమ్?" అంది చివరికి.

"ఏమడగాలి?"

"అమ్మ కావాల్నా, బాపు కావాల్నా అని."

"అడగను."

"అందరు అడుగుతరు."

"నేను అడగను. అది నా పని, నేనే చూసుకుంటాను."

చాలాసేపు నా మొహంలోకి చూసింది. ఆటలో మోసం ఉందేమోనని చూసే చూపు. తర్వాత గొంతు తగ్గించింది. "నేను రెండు నేర్చుకొని వచ్చిన మేడమ్. నాయనమ్మ చెప్పింది ఒకటి, అమ్మమ్మ చెప్పింది ఒకటి. ఏది చెప్పాల్నో ఫికర్ అయితుండె. రాత్రి అన్నం తినలే."

రెండూ మర్చిపో, ఇక పని లేదు అన్నాను. సంతోషపడుతుందనుకున్నాను. పడలేదు. తలుపు వైపు చూసింది.

"మరి బయటికి పోతే ఏం చెప్పినవ్ అని అడుగుతరు కద. గప్పుడు ఏం చెప్పాలె?"

దీనికి నాకెవరూ పాఠం చెప్పలేదు. నేను అడక్కపోతే చాలనుకున్నాను. ఆ ప్రశ్న వరండాలో రెండు చివర్లా నిలబడి కాచుకుని ఉంది. ఇంటికి కూడా వెళుతుంది, అన్నం కంచం దగ్గర కూర్చుంటుంది. నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి మంచి కోపమే.

జడ్జి వరండాలోకి వెళ్ళడం మా దగ్గర లేదు. కక్షిదారుల మధ్య మేం నిలబడం. వెళ్ళాల్సి వస్తే ముందు అటెండరు దారి చేస్తూ నడవాలి. నేను పాప చెయ్యి పట్టుకుని తలుపు తీసుకుని బయటికి నడిచాను. వెనక అటెండరు "మేడమ్, మేడమ్" అంటూ పరుగెత్తుకొచ్చాడు. వకీళ్ళు లేచి నిలబడ్డారు. రెండు కుటుంబాలనూ నా ఎదటికి పిలిచాను.

"పాపను ఎవరు కావాలని నేను అడగలేదు. తను చెప్పలేదు. తేల్చేది నేను. ఇంటికెళ్ళాక తనను ఆ మాట ఎవరైనా అడిగారని తెలిసిందో, ఊరుకోను," అన్నాను. నా గొంతు కొంచెం పెద్దదే. పక్క కోర్టు ముందు నిలబడ్డవాళ్ళు కూడా తిరిగి చూశారు.

నేను తలుపు దాకా వెళ్ళానో లేదో, నాయనమ్మ ఆగలేక పాపను దగ్గరికి లాక్కుంది. "మరి ఏమడిగింది బిడ్డా గింతసేపు?" అంది.

"దుడ్డె సంగతి అడిగింది," అంది పాప. ఆకలవుతోందని కూడా అంది.

తీర్పు టైపు చేయించేటప్పుడు ఆ పేరా దగ్గరికి వచ్చేసరికి టైపిస్టు చేతులు ఆగాయి. అలవాటు కొద్దీ, బాలిక కోరిక ఏమని కొట్టాలి మేడమ్ అన్నాడు. ఆ పేరా ఉండదన్నాను. పాప రెండిళ్ళలోనూ ఎలా మెలుగుతోందో నేను విన్నంత రాయించాను. పైకోర్టులో నిలబడదేమో అన్నట్టు చూశాడు. నిలబడకపోతే వాళ్ళు చెబుతారు, కొట్టవయ్యా అన్నాను. నా మనసు మాత్రం ఆ రోజంతా కుదుట పడలేదు. ఆ పిల్ల బడిలో నిద్రపోతోందని టీచరు సాక్ష్యంలో ఉంది. పాప కూడా అదే చెప్పింది. ఆ నిద్రకు కారణం తండ్రి బండి మీద చీకటితో చేసే ప్రయాణం. పాపకు అదే ప్రాణం. బడి రోజుల్లో తల్లి దగ్గర, శని ఆదివారాలు, సెలవులు తండ్రి దగ్గర అని తేల్చాను. ఇద్దరిలో ఎక్కువ పోగొట్టుకున్నది తండ్రి. పాప కూడా పోగొట్టుకుంది, నాకు తెలుసు.

తీర్పు చదివాను. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. తండ్రి మాత్రం కదల్లేదు. వకీలు చొక్కా పట్టుకుని లాగుతున్నా ముందుకొచ్చాడు.

"ఒక్క మాట మేడమ్. నా బిడ్డ నన్ను వద్దన్నదా?"

అతని మొహం చూస్తే, తీర్పు సగం కూడా విన్నట్టు లేదు. ఆ ఒక్క సంగతి తెలిస్తే చాలన్నట్టు నిలబడ్డాడు. నేను టైపిస్టు వైపు తిరగలేదు.

"లేదు. తనను నేను అడగలేదు. తను అనలేదు. ఈ తీర్పు నాది."

"నిజంగనా?"

"అందులో ఎక్కడా లేదు. వకీలు గారి చేత చదివించుకోండి."

వకీలు చేతిలోంచి చొక్కా విడిపించుకున్నాడు. "గట్లయితే మీ మీదనే కోపం పెట్టుకుంట మేడమ్. బిడ్డ మీద లేదు," అన్నాడు.

"పెట్టుకోండి," అన్నాను. "నాకు జీతం ఇచ్చేది అందుకే."

నాకు దండం పెట్టకుండానే వెళ్ళాడు. తలుపు దగ్గర ఆగి, శనివారం పాపను ఎన్ని గంటలకు తెచ్చుకోవచ్చో మా అటెండరును అడిగాడు.